మన సీమలోని పాత సమాధులు, పల్లె కథలు

మన సంఘముల పూర్వ చరిత్ర వ్రాయబూనిన వారికి మొదట ఎదురయ్యే చిక్కు ఏమనగా, చూపించుటకు పాడుపడిన గుడియైనను మిగలకపోవుట. తొలినాటి పల్లె ప్రార్థనాలయములలో అనేకము మట్టిగోడల మీద బోద కప్పిన కొట్టములే. కప్పు పోయిన పిమ్మట నాలుగు వానలకు గోడ కరిగి నేలలో కలిసిపోయెడిది. రాతి కట్టడములు గల ఐర్లాండు వంటి దేశములలో శిథిలాలయముల చుట్టూ కథలు అల్లుకొన్నవి. మన యొద్ద అవి సమాధులను ఆశ్రయించినవి.

వీటిలో మిక్కిలి పాతవి పల్లెలవారు రాక్షస గుళ్లనియు, పాండవ గుళ్లనియు పిలుచునవి. నిలువు బండలపై మూతబండ వేసిన ఈ గదులు రెండు వేల ఏండ్లకు పైబడిన శ్మశానములు. అంత బండను మనుష్యమాత్రుడు ఎత్తలేడు గనుక రాక్షసులే ఎత్తిరని పెద్దల తర్కము! కడప జిల్లా శంఖవరములో దొరికిన, జంతువు ఆకారము గల కాల్చిన మట్టి శవపేటిక చెన్నై మ్యూజియమునకు చేరినది. గుప్తనిధుల ఆశతో ఇట్టి సమాధులను త్రవ్వి పాడుచేయువారు నేటికిని ఉన్నారు. దొరకునవి కుండపెంకులు, ఎముకలు, త్రుప్పుపట్టిన ఇనుము.

ఇక సర్ థామస్ మన్రో దొర కథ వేరు. 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు ప్రిన్సిపల్ కలెక్టరుగా నుండి, 1820లో మద్రాసు గవర్నరైన ఈయన, కడపటిసారి ఈ సీమను చూడవచ్చి 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించెను. గుత్తి కోట క్రింద పాతిపెట్టిరి. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ దేవాలయమునకు తరలించిరి. అనగా గుత్తి సమాధి నాటినుండి ఖాళీ.

అయినను కథలు ఇచ్చటనే నిలిచినవి. వేంపల్లె దగ్గర గండిలో, పాపఘ్ని నదిపైన రెండు కొండల నడుమ దేవతలు రాముని కొరకు బంగారు తోరణము కట్టిరనియు, అది మరణము సమీపించిన పుణ్యాత్మునికే కనబడుననియు నమ్మకము. మన్రో తలయెత్తి చూచి, "ఆ తోరణమేమి?" అని అడిగెనట. ప్రక్కవారికి ఏమియు కనబడలేదు. మంత్రాలయములో, 1671లో బృందావన ప్రవేశము చేసిన రాఘవేంద్రస్వామి ఈయనతో మాటలాడెననియు, ఆ స్వరము ఈయనకు తప్ప ఎవరికిని వినబడలేదనియు మరియొక కథ. రెండింటను పరదేశియైన దొరకే చూపును వినికిడియు దక్కుట గమనింపదగినది. పన్నులు తగ్గించవలెనని వాదించిన అధికారిని రైతులు తమవానిగా చేసికొన్న తీరు ఇది. బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నవారును కలరు.

ఖాళీ సమాధికి ఇన్ని కథలుండగా, మన తొలి విశ్వాసుల నిండు సమాధులకు పేరైనను లేదు. ఊరి వెలుపల, వంక గట్టున, రాయి నిలుపు స్తోమతు లేనివారిని ఉంచిన మట్టిదిబ్బలవి. ఈస్టరు తెల్లవారుజామున మనము సమాధులకు సున్నము కొట్టి, పూలుంచి, క్రొవ్వొత్తులు వెలిగించునప్పుడు, "ఇది ఫలానా తాత, ఇది ఆయన చెల్లెలు" అని చేయి చూపు అవ్వలు కొందరు ఇంకను ఉన్నారు. వచ్చే ఈస్టరుకు యౌవనస్థులు ఒక నోటుపుస్తకము వెంట తీసికొని పోవుదురు గాక.