బండ అని పేరు పెట్టుకున్న పాటల సంస్థ



ప్రియులారా, ఒకప్పుడు పాట రికార్డు చేయాలంటే పట్నం వెళ్ళాలి, స్టూడియోకి డబ్బు కట్టాలి. ఇప్పుడు భిక్నూరు వంటి ఊరిలోని యౌవనస్థులు కూడా పాట రాసి, పాడి, సెల్‌ఫోనులోనే లోకానికి వినిపించగలరు. దేవునికి స్తోత్రం! అయితే పాడేవారే పాటల సంస్థ నడిపినప్పుడు ఏ జాగ్రత్త కావాలో అమెరికాలో జరిగిన ఒక చరిత్ర నేర్పిస్తుంది.

లారీ నార్మన్ అనే గాయకుడు 1969లో క్యాపిటల్ కంపెనీ ద్వారా 'అపాన్ దిస్ రాక్' అనే ఆల్బమ్ విడుదల చేశాడు. గిటార్లు, డ్రమ్ములతో రాక్ సంగీతంలో యేసును పాడటం ఆనాటి అనేక సంఘాలకు నచ్చలేదు. అయినా అతడు వెనుకాడలేదు. 1970ల మధ్యలో తానే 'సాలిడ్ రాక్ రికార్డ్స్' స్థాపించాడు. ఆ పేరుకు గట్టి బండ అని అర్థం. 1976లో అతని 'ఇన్ అనదర్ ల్యాండ్', స్నేహితుడు రాండీ స్టోన్‌హిల్ పాడిన 'వెల్కమ్ టు ప్యారడైజ్' వచ్చాయి. టామ్ హోవర్డ్, మార్క్ హర్డ్, డేనియల్ ఏమోస్ బృందం కూడా చేరారు. పెద్ద క్రైస్తవ కంపెనీ అయిన వర్డ్ ఈ రికార్డులను దుకాణాలకు చేర్చేది.

మరి పతనం ఎలా వచ్చింది? యజమాని, గాయకుడు, ఇతరుల ఆల్బములు తయారుచేయించేవాడు, అన్నీ ఒక్కడే. స్నేహితులే అతని క్రింద ఒప్పందాలు చేసుకున్నవారు. 1978లో విమాన ప్రయాణంలో తలకు దెబ్బ తగిలి, పని సాగించలేకపోయానని నార్మన్ చెప్పుకున్నాడు. పనులు ఆలస్యమయ్యాయి, సందేహాలు పెరిగాయి. 1980లో కళాకారులు అతని ఎదుట కూర్చుని తమ బాధ చెప్పారు. ఆ తరువాత బృందం విడిపోయింది. డేనియల్ ఏమోస్ వారి 'హొరెండస్ డిస్క్' ఎన్నో నెలలు మూలనపడి, చివరికి 1981లో బయటికి వచ్చింది. అప్పటికి వారు వేరే కంపెనీలో మరో ఆల్బమ్ చేసుకున్నారు. నార్మన్ 2008లో ప్రభువునందు నిద్రించాడు. తప్పెవరిదో తీర్పు తీర్చడం మన పని కాదు.

కాని ప్రియులారా, ఒక్క సంగతి గమనించండి. యెరూషలేము పరిశుద్ధుల కొరకు పోగైన చందా విషయంలో అపొస్తలుడైన పౌలు ఏమి చేశాడు? తన మీద నింద రాకుండా నమ్మకమైన సహోదరులను వెంట పంపాడు. ప్రభువు దృష్టికే కాదు, మనుష్యుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలని కోరాడు (2 కొరింథీ 8:18-21). పౌలుకే లెక్క చూపే సాక్షులు కావలసి వస్తే మనకెంత అవసరం!

మీ సంఘంలో పాటల పరిచర్య ఉన్నదా? రాసినవారికి, పాడినవారికి, వాయించినవారికి ఏమి చెందుతుందో ముందే కాగితం మీద రాసుకోండి. లెక్కలు ఇద్దరు ముగ్గురు చూడనివ్వండి. ఇది అపనమ్మకం కాదు, స్నేహాన్ని కాపాడే ప్రేమ. బండ అని పేరు పెట్టుకుంటే చాలదు. ప్రభువు మాటలు విని, వాటి చొప్పున చేసేవాడే బండ మీద ఇల్లు కట్టినవాడు (మత్తయి 7:24).

అట్టి కృప ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.