హారిసన్ రూమ్మేటు

1944 నవంబర్ 29. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి. బల్ల మీద పదిహేను నెలల ఐలీన్ శాక్సన్. నాలుగైదు కిలోలే ఉంది. గుండెలో పుట్టులోపం, ఊపిరితిత్తులకు రక్తం చాలక ఒళ్లంతా నీలం.

చేతికి పోయే ధమనిని ఊపిరితిత్తి ధమనికి కలిపి కుట్టాలి. ఊపిరితిత్తులకు రక్తం పెంచే దారి చూడమని అడిగింది పిల్లల గుండె డాక్టరు హెలెన్ టాసిగ్. కత్తి పట్టింది ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్. కుక్కల మీద ఆ కుట్టును సాధన చేసిన వివియన్ థామస్ ఆయన వెనక స్టూలెక్కి నిలబడ్డాడు. థామస్ నల్లజాతి టెక్నీషియన్, మెడికల్ కాలేజీలో చదవలేదు. బ్లేలాక్ మాత్రం అనుమానం వచ్చినప్పుడల్లా అతన్నే అడిగాడు.

మన ఎంబీబీఎస్ పిల్లలకు ఇది బీటీ (బ్లేలాక్-టాసిగ్) షంట్. వాళ్ల టేబుల్ మీద ఇటుకలా కూర్చునే మెడిసిన్ పాఠ్యపుస్తకం ‘హారిసన్’కు 1950లో శ్రీకారం చుట్టిన టిన్స్‌లీ హారిసన్, బ్లేలాక్ ఒకే బ్యాచ్, ఒకే గది అని వాళ్లకెవరూ చెప్పరు.

ఇద్దరూ 1922లో హాప్కిన్స్‌లోనే పట్టా పుచ్చుకున్నారు. టెన్నిస్‌లో జోడీ. చదువులో బ్లేలాక్ మెరిసిందేమీ లేదు; కోరుకున్న సర్జరీ రెసిడెన్సీ అక్కడ పూర్తికాలేదు. 1925లో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్‌లో చేరాడు. హారిసన్ కూడా అక్కడే, మెడిసిన్ చీఫ్ రెసిడెంటు. గుండె ఎంత రక్తం పంపుతోందో ఇద్దరూ కలిసి కుక్కల మీద కొలిచారు. కోతల మనిషికి కొలతల పిచ్చి పట్టించింది ఆ సావాసమేనని నాకనిపిస్తుంది. మధ్యలో బ్లేలాక్ క్షయ వచ్చి శానటోరియం పాలయ్యాడు. కోలుకున్నాక షాక్ మీద పడ్డాడు. గాయపడ్డ మనిషి కుప్పకూలేది ఏదో విషం వల్ల కాదు, రక్తనాళాల్లోంచి రక్తం, ద్రవం పోవడం వల్లేనని చూపించాడు. పోయినదాన్ని తిరిగి ఎక్కించాలన్న ఆ పాఠం రెండో ప్రపంచ యుద్ధంలో ఎందరికో ప్రాణం పోసింది.

1938లో థామస్‌తో కలిసి ఇంకో ప్రయోగం. కుక్కల్లో అవే రెండు ధమనులు కలిపి ఊపిరితిత్తుల్లో రక్తపోటు పెంచాలనుకున్నారు. పెరగలేదు. ప్రయోగం పోయింది, కుట్టు మిగిలింది.

1941లో హాప్కిన్స్ బ్లేలాక్‌ను సర్జరీ అధిపతిగా పిలిచింది. థామస్‌ను వెంటబెట్టుకునే వెళ్లాడు. ఐలీన్ ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలే బతికింది. అయినా దారి తెరుచుకుంది. మూడో ఆపరేషన్‌లో ఆరేళ్ల పిల్లాడి నీలం బల్ల మీదే విరిగింది. 1945లో వెలువడిన వ్యాసం మీద రెండే పేర్లు: బ్లేలాక్, టాసిగ్. థామస్ పేరు వేయడానికి బ్లేలాక్‌కు చెయ్యి రాలేదు. ఎంత గొప్ప సర్జనైనా ఇది చిన్న లోపం కాదు. ఆయన 1964లో పోయాడు. థామస్‌కు హాప్కిన్స్ గౌరవ డాక్టరేటు ఇచ్చింది 1976లో.