ఫ్రీలాన్స్ కోడింగ్: గంటకు ఎంత అడగాలి? ఆరోగ్య బీమా ఎలా?

ఉద్యోగం మానేసి ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్‌గా మారాలనుకుంటున్నారా? ఇన్నాళ్లూ ఆఫీసు కట్టిన ఆరోగ్య బీమా ఖర్చు ఇక మీదే. దాన్ని మీ రేటులోనే రాబట్టుకోవాలి.

రేటు ఎలా లెక్కించాలి?

మీకు ఏడాదికి రూ.12 లక్షలు కావాలనుకుందాం. వారానికి 40 గంటల చొప్పున 50 వారాలకు 2,000 గంటలు. ఆ లెక్కన గంటకు రూ.600 చాలనిపిస్తుంది. కానీ క్లయింట్ల కోసం వెతికే సమయానికి, సెలవులకు, జ్వరం వచ్చిన రోజులకు డబ్బు రాదు. బిల్లు వేయగలిగేవి 1,200 గంటలే అనుకోండి. బీమా ప్రీమియం, ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ వంటి ఖర్చులకు మరో రూ.2.4 లక్షలు కలపండి. అప్పుడు గంటకు రూ.1,200 అడగాలి. ఇదీ ఆదాయపు పన్ను కట్టకముందు లెక్కే.

బీమా సంగతేంటి?

ఆఫీసు గ్రూప్ పాలసీ సాధారణంగా ఉద్యోగంతోపాటే ముగుస్తుంది. కొత్త పాలసీలో తొలి 30 రోజులు ప్రమాదాలకు తప్ప క్లెయిమ్ రాదు. బీపీ, షుగర్ వంటివి ముందే ఉంటే వాటికి గరిష్ఠంగా 3 ఏళ్లు ఆగాల్సి రావచ్చు. అందుకే రాజీనామాకు ముందే సొంత పాలసీ తీసుకోండి. లేదంటే గ్రూప్ పాలసీ ఇచ్చిన బీమా కంపెనీలోనే వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో అడగండి. అలా మారితే అప్పటికే గడిచిన వెయిటింగ్ పీరియడ్ కలిసొస్తుంది.

దరఖాస్తులో జబ్బులు దాచొద్దు. సరిగ్గా ఆసుపత్రిలో ఉన్నప్పుడే క్లెయిమ్ తిరస్కరణకు గురికావచ్చు.