పొడగరులు: లోకం మాటలు, నిజానిజాలు

తన చుట్టూ ఉన్నవారి సగటు కన్నా స్పష్టంగా ఎత్తున్న మనిషిని పొడగరి అంటారు. ఇన్ని అడుగులుంటేనే పొడగరి అన్న కొలత ఎక్కడా లేదు. 1996లో పుట్టినవారి ఎత్తులను దేశాలవారీగా లెక్కగట్టి 2016లో ప్రచురించిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం నెదర్లాండ్స్ మగవారి సగటు ఎత్తు 182.5 సెంటీమీటర్లు, భారతీయ మగవారిది 164.9, ఆడవారిది 152.6. మన వీధిలో అందరూ తలెత్తి చూసే 5 అడుగుల 10 అంగుళాల కుర్రాడు ఆమ్‌స్టర్‌డామ్ వెళితే సగటుకు కాస్త తక్కువే. పొడగరుల గురించి జనం చెప్పుకునే మాటల్లో ఒంటికి సంబంధించినవి కొన్ని నిలుస్తాయి. గుణానికి, బుద్ధికి సంబంధించినవి దాదాపు నిలవవు.

ఎత్తులో కనిపించే తేడాల్లో సుమారు 80 శాతం వంశపారంపర్యంగా వచ్చేవేనని శాస్త్రజ్ఞుల అంచనా. 2022లో 54 లక్షల మంది జన్యు సమాచారాన్ని పరిశీలించి, ఎత్తుతో ముడిపడిన 12 వేలకు పైగా జన్యు తేడాలను గుర్తించారు. మిగిలిన భాగం తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి ఎదిగే వయసు దాకా అందిన తిండి, వచ్చిపోయిన జబ్బుల మీద ఆధారపడుతుంది. దక్షిణ కొరియా ఆడవారి సగటు ఎత్తు నూరేళ్ళలో 20 సెంటీమీటర్లు పెరిగింది. ఇంత తక్కువ కాలంలో జన్యువులు మారవు. మారింది తిండి, ఆరోగ్యం.

తెలివి విషయంలో మన ఇళ్ళలో వినిపించేది పొడగరికి వ్యతిరేకమే. మనిషి పెరిగాడు గానీ బుద్ధి పెరగలేదన్న తిట్టు, పొట్టివాడికి పుట్టెడు బుద్ధులన్న సామెత తెలియని తెలుగువారు తక్కువ. పరిశోధనలు చెప్పేది వేరు. ఆన్ కేస్, క్రిస్టీనా పాక్సన్ అనే ఆర్థికవేత్తలు 2008లో ప్రచురించిన పత్రంలో, ఎత్తుగా ఎదిగిన పిల్లలు బడికి పోకముందే తెలివి పరీక్షల్లో కాస్త మెరుగ్గా ఉన్నారని చూపించారు. ఎముకను, మెదడును పెంచేది ఒకే పోషణ గనుక పసితనంలో కడుపునిండా తిన్న బిడ్డకు రెండూ కలిసొస్తాయి. అయితే ఈ తేడా లక్షల మందిని కలిపి సగటు తీసినప్పుడు కనిపించేది. ఎదుట నిలబడ్డ ఒక మనిషి ఎత్తు చూసి అతని తెలివిని అంచనా వేయడానికి అది ఏమాత్రం పనికిరాదు.

పొడగరి చిన్నప్పుడు పడే కష్టం ఇంకొకటుంది. ఎనిమిదేళ్ళ పిల్ల పదకొండేళ్ళ పిల్లలా కనిపిస్తే, ఆమె నుంచి పదకొండేళ్ళ బుద్ధినే పెద్దలు ఆశిస్తారు. బడిలో చివరి బెంచీ ఆమెదే. తోటి పిల్లలతో కలిసి అల్లరి చేసినా ‘ఇంత ఎదిగావు, నీకైనా తెలియక్కర్లా?’ అన్న మాట ఆమెకే తగులుతుంది. బుద్ధి ఎదగలేదన్న తిట్టుకు మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. బుద్ధి వయసుకు తగ్గట్టే ఉంటుంది, చూసేవారి లెక్క ఎత్తును బట్టి నడుస్తుంది.

పొడగరి నాయకుడవుతాడని, ఎక్కువ సంపాదిస్తాడని మరో నమ్మకం. ఇందులో కొంత నిజముంది. తిమోతీ జడ్జ్, డేనియల్ కేబుల్ అనే పరిశోధకులు 2004లో అమెరికా, బ్రిటన్ ఉద్యోగుల లెక్కలు తీసి, ఒక్కో అంగుళానికి ఏడాదికి సుమారు 789 డాలర్ల జీతం తేడా కనిపిస్తోందని తేల్చారు. అదే ఏడాది వచ్చిన మరో పరిశోధన ఈ విషయాన్ని ఇంకా లోతుగా తవ్వింది. దాని ప్రకారం పెద్దయ్యాక ఉన్న ఎత్తు కన్నా 16 ఏళ్ళప్పటి ఎత్తే జీతాన్ని ఎక్కువగా నిర్ణయిస్తోంది. ఆ వయసులో ఎత్తుగా ఉన్న కుర్రాడు ఆటల్లో, సంఘాల్లో ముందుంటాడు. అప్పుడు అలవడిన చొరవ ఉద్యోగంలో అక్కరకొస్తుంది. ఆ తరవాత ఎత్తు పెరిగినవాడికి అంత లాభం దక్కలేదు. అంటే కంపెనీలు డబ్బిస్తున్నది ఎత్తుకు కాదు, ఆ ఎత్తు చూసి చిన్నప్పుడు లోకం ఇచ్చిన గౌరవానికి.

ఆ గౌరవం పాతదే. 18వ శతాబ్దంలో ప్రష్యా రాజు మొదటి ఫ్రెడరిక్ విలియమ్ ఆరడుగుల పైబడ్డవారితో ఒక పటాలాన్ని పోగుచేశాడు. డబ్బుకు లొంగనివారిని ఎత్తుకొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 1740లో అతను పోగానే కొడుకు రెండో ఫ్రెడరిక్ ఆ పటాలాన్ని బాగా కుదించేశాడు. నేటికీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సివిల్ పోలీసు ఉద్యోగానికి మగవారు 167.6 సెంటీమీటర్లు ఉండాలి, గిరిజన అభ్యర్థులకు కొంత సడలింపు ఉంది. దేశంలో సగటు మగవాడు ఈ గీత కింద ఆగిపోతాడు. అమెరికా అధ్యక్షుల్లో అందరికన్నా పొడుగైన లింకన్ 193 సెంటీమీటర్లు, అందరికన్నా పొట్టి అయిన మాడిసన్ 163. అయినా ఆ దేశ రాజ్యాంగ నిర్మాణంలో ప్రధాన పాత్ర మాడిసన్‌దే. 1965 యుద్ధంలో మన దేశాన్ని నడిపిన లాల్ బహదూర్ శాస్త్రి ఎంత పొట్టి మనిషో అందరికీ తెలుసు.

ఆటల దగ్గర ఎత్తు లాభం కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది, దాని హద్దు కూడా. హైదరాబాద్ బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు ఎత్తు 179 సెంటీమీటర్లు. తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. ఆమె చేయి చాచి పైనుంచి కొట్టిన స్మాష్ నిటారుగా దిగుతుంది, అవతలివారికి అందడం కష్టం. అందుకే ప్రత్యర్థులు ఆమెను వంచాలని చూస్తారు: నెట్ దగ్గర కింద ఒకటి, వెంటనే వెనక మూలకు ఒకటి, మళ్ళీ ఒంటి మీదికి ఒకటి. పొడుగు కాళ్ళు మడిచి లేవడానికి పట్టే ఆ క్షణమే వారికి చాలు. 2017లో గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో సింధు కన్నా జానెడు పైగా పొట్టి అయిన నొజోమి ఒకుహారా ఈ పనే చేసింది. ఆట 110 నిమిషాలు సాగింది. రెండో గేమ్ 73 షాట్ల ర్యాలీతో సింధుకు దక్కినా, మూడో గేమ్‌లో 22–20తో ఒకుహారా గెలిచింది. రెండేళ్ళ తరవాత బాసెల్‌లో అదే ఫైనల్, అదే జోడీ. ఈసారి సింధు 21–7, 21–7తో 40 నిమిషాల లోపే ముగించింది. రెండేళ్ళలో ఎవరి ఎత్తూ మారలేదు.

పొడగరులు మందకొడిగా ఉంటారన్న మాటకు ఉసేన్ బోల్ట్ చాలు. 195 సెంటీమీటర్ల మనిషికి 100 మీటర్లు నప్పవని, 400 మీటర్లకు మారమని మొదట్లో అతని కోచే పట్టుబట్టాడు. 2009లో బెర్లిన్‌లో బోల్ట్ 41 అంగల్లో 9.58 సెకన్లకు గీత దాటాడు. మారథాన్‌లో మాత్రం ఎత్తు బరువే. మారథాన్ వీరుడు కిప్‌చోగే ఎత్తు 167 సెంటీమీటర్లే.

పొడగరి బాగా తింటాడన్నది మాత్రం నిజం. విశ్రాంతిలో ఉన్న ఒంటికి కావలసిన శక్తిని లెక్కగట్టే ప్రామాణిక సూత్రంలో ఒక్కో సెంటీమీటరుకు 6.25 కిలోకాలరీలు కలుపుతారు. బరువు ఒకటే అయినా, 20 సెంటీమీటర్లు ఎక్కువున్న మనిషికి రోజుకు రెండు మూడు ఇడ్లీలు అదనంగా కావాలి.

ఎత్తుంటే బలం ఉన్నట్టే అనుకోవడం ప్రమాదకరం. 1638లో గెలీలియో వివరించిన సూత్రం ప్రకారం, ఆకారం మారకుండా ఎత్తు రెట్టింపయితే ఎముక అడ్డుకోత వైశాల్యం నాలుగు రెట్లే అవుతుంది, బరువు మాత్రం ఎనిమిది రెట్లవుతుంది. నమోదైనవారిలో అందరికన్నా పొడగరి, 272 సెంటీమీటర్ల రాబర్ట్ వాడ్లో, కాళ్ళకు ఊతంగా పెట్టిన ఇనుప పట్టీ ఒరుసుకుని పుండై, అది విషమించి 1940లో 22 ఏళ్ళకే చనిపోయాడు. అమెరికా వాలీబాల్ తార ఫ్లో హైమన్ 1986లో జపాన్‌లో మ్యాచ్ మధ్యలో కుప్పకూలింది. మార్ఫన్ సిండ్రోమ్ అనే జన్యు లోపం వల్ల బలహీనపడ్డ బృహద్ధమని చీలిందని పరీక్షలో తేలింది. 196 సెంటీమీటర్ల ఆ మనిషిని చూసి జబ్బు ఉందని ఎవరూ అనుకోలేదు. మామూలు పొడగరులకు గుండెపోటు ముప్పు కాస్త తక్కువ. క్యాన్సర్ ముప్పు కాస్త ఎక్కువ: బ్రిటన్‌లో పది లక్షల మందికి పైగా మహిళలపై జరిగిన అధ్యయనంలో ప్రతి 10 సెంటీమీటర్లకు 16 శాతం పెరిగింది.

అన్ని నమ్మకాల్లోనూ ఎక్కువ హాని చేసింది ఆడపిల్ల పొడుగైతే పెళ్ళి కాదన్నది. మన సంబంధాల్లో అబ్బాయి నాలుగంగుళాలైనా ఎక్కువుండాలన్న పట్టింపు ఉంది. మన దేశంలో మగవారి, ఆడవారి సగటుల మధ్య 12 సెంటీమీటర్ల తేడా ఉంది గనుక, చీట్లు తీసి జతలు కలిపినా పదింట సుమారు తొమ్మిది జంటల్లో భర్తే ఎత్తుంటాడు. మిగిలిన ఆ ఒక్క జంట కోసం ఎందరో అమ్మాయిలు భుజాలు వంచుకుని నడవడం నేర్చుకుంటున్నారు. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఇది మరీ దూరం వెళ్ళింది. 1950ల చివరి నుంచి కొన్ని దశాబ్దాల పాటు వైద్యులు పొడుగు బాలికల చేతి ఎముకలకు ఎక్స్-రే తీసి, పెద్దయ్యాక ఎంత ఎత్తవుతారో అంచనా కట్టి, ఎదుగుదల ఆపడానికి పెద్ద మోతాదులో ఈస్ట్రోజెన్ ఇచ్చారు. వారికి జబ్బేమీ లేదు. నిర్ణయం చాలావరకు తల్లిదండ్రులది, వైద్యులది. మందు తీసుకున్న ఆస్ట్రేలియా మహిళలకు గర్భం రావడం కష్టమైందని 2004లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన అధ్యయనం వెల్లడించింది. నేడు ఆ చికిత్స చాలా అరుదు. పిల్ల మరీ పొడుగవుతోందని తీసుకెళితే వైద్యులు మార్ఫన్, థైరాయిడ్, పిట్యూటరీ గ్రంథి లోపాల వంటివి ఉన్నాయేమో చూస్తారు. అవేవీ లేకపోతే మందు రాయకుండా ఇంటికి పంపుతారు.