మనిషికి లీటర్లెన్ని?

"బండి లీటరుకి ఎంతిస్తోందండీ?" అని అడగడం మనవాళ్ళకి కుశలప్రశ్న లాంటిది. "పిల్లలు బాగున్నారా?" తరవాత వచ్చేది అదే. జవాబు చెప్పేవాడు ఒకటి రెండు కిలోమీటర్లు కలిపే చెబుతాడనుకోండి. పాత స్టేషన్ వేగన్ ఉన్నవాడికి మాత్రం ఆ వీలు లేదు. వాడి సంగతి బంకు కుర్రాడికి తెలుసు కదా!

స్టేషన్ వేగన్ అన్న పేరు అమెరికాది. రైలు దిగినవాళ్ళనీ, వాళ్ళ పెట్టే బేడానీ ఇంటికి చేర్చే బండి అని అర్థం. మా రామాయంపేటకి ఆ అర్థం పొసగదు. సికింద్రాబాద్ - మన్మాడ్ రైలు మార్గం ఊళ్ళోకి రాకుండా అక్కన్నపేట మీదుగా పోయింది. ఊరికి దక్కింది హైదరాబాద్ - నాగపూర్ రోడ్డు. ఒకప్పుడది 7వ నంబరు జాతీయ రహదారి, 2010లో 44 అయింది.

మా పెద్దనాయనకి అంబాసిడర్ ఎస్టేట్ ఉండేది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాగా కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1957లో మొదలైన అంబాసిడర్‌కే డిక్కీ తీసేసి, కప్పు చివరిదాకా పొడిగించిన రకం. 1489 సీసీ పెట్రోలు ఇంజను. మనుషులూ, బియ్యం బస్తాలూ అన్నీ ఎక్కేవి. బుద్ధి పుట్టిన రోజున లీటరుకి పది కిలోమీటర్లు పోయేది.

1973 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధం వచ్చింది. అరబ్బు దేశాలు చమురు బిగబట్టాయి. పీపా మూడు డాలర్లున్న ముడిచమురు కొద్ది నెలల్లోనే పన్నెండు డాలర్ల దరిదాపులకి పోయింది. నవంబరులో వాజపేయి గారు ఎద్దులబండి మీద పార్లమెంటుకి వెళ్ళారు. మా ఇంట్లోనూ పార్లమెంటు కూర్చుంది. అమ్మెయ్యమని మా పెద్దమ్మ. తలగోక్కుంటూ పెద్దనాయన. చివరికి మెకానిక్ తీర్పు చెప్పాడు:

"పటేలా, బండి తాగేదే సూస్తున్నరు గని, మోసేది సూస్తలేరు."

లెక్క వేస్తే నిజమే. హైదరాబాదుకి పోయి రావడం రమారమి 160 కిలోమీటర్లు, అంటే 16 లీటర్లు. ఒక్కడే పోతే ఒక్కడి నెత్తినే పదహారు. ఎనిమిది మంది ఎక్కితే తలకి రెండు. ఆనాటినించి పెద్దనాయన ఒంటరిగా బయలుదేరలేదు. ఆస్పత్రికీ, పెళ్ళిబట్టలకీ వెళ్ళేవాళ్ళకి ముందుగా కబురు పెట్టేవాడు. నోటుబుక్కులో లీటర్లూ, తలలూ రాసి భాగించేవాడు.

పెట్రోలొక్కటే ఖర్చు కాదు సుమా! టైర్లు, హెడ్ గాస్కెట్టు, కింగ్ పిన్నులు, ఏదో ఒకటి వంతులవారీగా పలకరించేవి. చవకని పెట్రోల్లో కిరసనాయిలు కలిపినవాళ్ళు మిగిల్చిన రూపాయలకి రెట్టింపు మెకానిక్‌కి పోశారు. టైర్లలో సరైన గాలి, వేళకి ట్యూనింగు, గంటకి 45 - 55 కిలోమీటర్ల వేగం, ఇవే అసలైన పొదుపు. 1978లో పుట్టిన పెట్రోలియం పొదుపు సంస్థ చెబుతూ వచ్చిందీ ఇదే.

1979లో ఇరాన్ విప్లవంతో చమురు ధర మళ్ళీ ఎగిరింది. మరుసటేడు డీజిల్ అంబాసిడర్ వచ్చింది. పాత పెట్రోలు బళ్ళకి డీజిల్ ఇంజన్లు బిగించడం కార్ఖానాలకి పెద్ద పనైంది. మోత పెరిగింది, ఖర్చు తగ్గింది. పెద్దనాయన కూడా బిగించాడు. లోపల కూచున్నవాళ్ళు మాత్రం అరుచుకుంటూ మాట్లాడుకోవలసి వచ్చింది.

ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీ 2014 మేలో ఆగిపోయింది. 2022 సెప్టెంబరు 23న అక్కన్నపేట నుంచి మెదక్‌కి రైలు నడిచింది. స్టేషన్ పేరుగల బండి పోయాక, మెదక్‌కి స్టేషన్ వచ్చిందన్నమాట!

పెద్దనాయన నోటుబుక్కు మా ఇంట్లో ఉంది. అందులో ఒక్క పేజీలో లెక్క తెగలేదు. ఓ వానరాత్రి పురిటి నొప్పులొచ్చిన పొరుగింటి పిల్లని మెదక్ ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజది. లీటర్లు నాలుగు అని రాశాడు. తలలు: పోయేటప్పుడు నలుగురు, వచ్చేటప్పుడు అయిదుగురు. భాగించలేదు.