రిజర్వుడ్ సీటుకు నోరెందుకు రాదు? (వాడ చరిత్ర - 9)



ఎన్నికలొస్తే అల్లాదుర్గ్‌లో మైకులు రోడ్ల గురించి, పింఛన్ల గురించి, సాగునీళ్ల గురించి మోగుతాయి. కులం గురించి మోగవు. ఎవరైనా ఎత్తితే "ఇప్పుడు కులమెందుకు తీస్తున్నవ్?" అంటారు. మనది ఆందోల్ నియోజకవర్గం, ఎస్సీ రిజర్వుడ్. దళితుడి కోసమే పెట్టిన సీటులో దళితుడి మాట ఎందుకు వినపడదు? చాలామంది దీన్ని నాయకుల పిరికితనం అనుకుంటారు. నేను లెక్క అంటాను. ఆ లెక్క 1932లో మొదలైంది.

ఆ ఏడాది ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని మెక్‌డొనాల్డ్ ప్రకటించిన కమ్యూనల్ అవార్డు అంటరానివారికి రెండు ఓట్లు ఇచ్చింది. ఒకటి తమ ప్రతినిధిని తామే ఎన్నుకోవడానికి, రెండోది అందరితో కలిసి వేయడానికి. గాంధీ ఎరవాడ జైలులో నిరాహార దీక్షకు దిగాడు. సెప్టెంబర్ 24న పూనా ఒడంబడిక మీద అంబేడ్కర్ సంతకం పెట్టాల్సి వచ్చింది. రాష్ట్రాల శాసనసభల్లో సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి. మన ఓటు మాత్రం పోయింది.

అప్పుడు మనం నిజాం రాజ్యంలో ఉన్నాం, ఆ ఒప్పందం మనదాకా రాలేదు. కానీ 1952 ఎన్నికలతో ఉమ్మడి ఓటు పద్ధతి ఇక్కడికీ వచ్చింది.

ఇప్పుడు లెక్క చూడండి. రిజర్వుడ్ సీటులో నిలబడేవాళ్లంతా ఎస్సీలే. వాడ ఓటు చీలుతుంది. 2011 జనగణన ప్రకారం తెలంగాణలో ఎస్సీలు సుమారు 15 శాతం. అంటే గెలుపు ఊరి చేతిలో ఉంది. ఆందోల్‌లో 2014లో బాబూమోహన్, 2018లో క్రాంతి కిరణ్, 2023లో దామోదర రాజనర్సింహ గెలిచారు. ముగ్గురూ దళితులే. ఇలాంటి సీటులో ఊరికి కోపమొచ్చే మాట అన్నవాడి ఓటు అవతలి దళితుడికి పోతుంది. నోరు మూయించడానికి ఎవరూ బెదిరించక్కర్లేదు.

నోరు మూయనివాడికి ఏమైందో కూడా చూశాం. అంబేడ్కర్ 1952లో ఉత్తర బొంబాయిలో ఓడాడు, 1954లో భండారా ఉపఎన్నికలో మళ్లీ ఓడాడు.

నియోజకవర్గంలో ఉన్న ఈ మౌనమే దేశానికీ ఉంది. 1965లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష వ్యతిరేక ఒడంబడిక రాస్తుంటే, అందులో "పుట్టుక వల్ల వచ్చే వివక్ష" అన్న అర్థమిచ్చే మాట చేర్చమన్నది భారతదేశమే. 2001లో డర్బన్ సదస్సులో దళితులు కులం సంగతి ఎత్తితే, కులం జాతి కాదు కాబట్టి ఇక్కడ మాట్లాడొద్దని మన ప్రభుత్వం అడ్డం పడింది. కులం జాతి కాదని అంబేడ్కర్ 1936లోనే రాశాడు. ఆయన అది రాసింది కులాన్ని నిర్మూలించడానికి. వీళ్లు వాడుకున్నది తప్పించుకోవడానికి.

కాబట్టి మన ఎమ్మెల్యేని తిట్టి ఊరుకుంటే లాభం లేదు. ప్రశ్న ఊరి నడుమకు పోవాలి. జనరల్ సీట్ల అభ్యర్థుల్ని, పార్టీల అధ్యక్షుల్ని వాడ అడగాలి: "చావుకు డప్పు కొట్టమన్నందుకు మమ్మల్ని బహిష్కరిస్తే నువ్వెటు నిలబడతవ్?" రిజర్వుడ్ సీటులో గెలిచిన ఒక్కడి మీద ఆ బరువంతా వేసి, మిగతావాళ్లను ఎన్నాళ్లు వదిలేద్దాం?

వచ్చే భాగంలో భాగ్యరెడ్డి వర్మ, ఆది హిందూ ఉద్యమం గురించి రాస్తాను.