కార్డును బట్టి ఆసరా: కరోనా కాలంలో భిలాయి ఆరోగ్య బీమా

భిలాయి ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్‌లోని సెక్టర్ 4 వంటి చోట 2020 నాటికి వైద్యం ఖర్చు భరించే ఏర్పాట్లు ఒక్కటి కాదు, నాలుగు. పర్మనెంటు ఉద్యోగి కుటుంబానికి సెక్టర్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆస్పత్రి ఉంది. రిటైరైనవారికి కర్మాగారాన్ని నడిపే సెయిల్ సంస్థ మెడిక్లెయిమ్, కాంట్రాక్టు కార్మికుల్లో చాలామందికి ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా). మిగిలినవారికి రేషన్ కార్డే ఆధారం. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ డాక్టర్ ఖూబ్‌చంద్ బఘేల్ పథకం 2020 జనవరి 1 నుంచి ప్రాధాన్య, అంత్యోదయ కార్డులకు ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా, ఇతర కార్డులకు 50 వేల దాకా వైద్యం ఇచ్చేది. కరోనా సడలింపులు కూడా ఏ పథకానికి ఆ పథకంగానే వచ్చాయి. పక్కపక్కనే ఉంటున్న ఇళ్లకు కూడా ఒకే రకం ఆసరా దొరకలేదు.

వీటిలో ఎక్కువగా మారింది ఈఎస్‌ఐ. యజమానులు 2020 ఫిబ్రవరి చందా కట్టాల్సిన గడువు మార్చి 15 నుంచి ఏప్రిల్ 15కి, ఆ తర్వాత మే 15కి జరిగింది. నెలకు 10 రూపాయల చొప్పున ఏడాది సొమ్ము 120 రూపాయలు ముందే కట్టి వైద్యం పొందే విశ్రాంత కార్మికులకు, లాక్‌డౌన్‌లో కార్డు గడువు తీరినా జూన్ 30 దాకా చికిత్స ఆగలేదు. మందులు బయటి దుకాణంలో కొనుక్కుని బిల్లు పెట్టుకునే వీలూ కల్పించారు. ఆగస్టులో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద ఉపాధి పోయినవారికిచ్చే భృతిని సగటు వేతనంలో 25 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. 90 రోజులు ఆగాల్సిన దరఖాస్తుకు 30 రోజులు చాలన్నారు. యజమాని ద్వారా కాకుండా కార్మికుడే నేరుగా బ్రాంచి ఆఫీసులో ఇవ్వవచ్చన్నారు. టెండరు మారితే కాంట్రాక్టరూ మారిపోయే ఊళ్లో, పెరిగిన మొత్తం కంటే యజమాని సంతకం అక్కర్లేకపోవడమే పెద్ద మేలు.

ఈ నాలుగూ కాక సొంతంగా పాలసీ కొనుక్కున్నవారికి సంబంధించిన ఆదేశాలు హైదరాబాదు నుంచి వచ్చాయి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం అక్కడే. లాక్‌డౌన్‌లో ప్రీమియం కట్టలేనివారికి ఆ సంస్థ గడువు పెంచింది. 2020 జులైలో మూడున్నర, ఆరున్నర, తొమ్మిదిన్నర నెలల కాలానికి కరోనా కవచ్ పాలసీలు తెప్పించింది.

భిలాయిలోని తెలుగువారి సొంత రాష్ట్రాల సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్ 2020 ఏప్రిల్‌లోనే కరోనా చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. ప్రైవేటు ఆస్పత్రులకు రోజుకు 3,250 నుంచి 10,380 రూపాయల దాకా ధరలు ఖరారు చేసింది. 2021 మేలో బ్లాక్ ఫంగస్‌నూ చేర్చింది. తెలంగాణ 2020 జూన్‌లో రోజుకు ఐసొలేషన్‌కు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటరుకు 9,000 అని ధరలకు పరిమితి పెట్టింది. అయితే ఆ డబ్బు రోగి జేబులోంచే పోయేది. భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి సొంత రాష్ట్రంలో కార్డు లేకపోతే ఆరోగ్యశ్రీ వర్తించేది కాదు. వాళ్లకు ఛత్తీస్‌గఢ్ కార్డే దిక్కైంది.

2021 ఏప్రిల్‌లో భిలాయి ఉన్న దుర్గ్ జిల్లాను రెండో విడత కరోనా తీవ్రంగా దెబ్బతీసింది. భిలాయి కర్మాగారం ప్రాణవాయువును ఇతర రాష్ట్రాలకూ పంపుతున్న రోజులవి. అప్పుడే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బఘేల్ పథకంలోని ప్రైవేటు ఆస్పత్రుల్లో 20 శాతం పడకలను కార్డుదారులకు కేటాయించింది. మొదటి ఏడాదే చేయాల్సిన పని ఇది.

కరోనాతో చనిపోయిన ఈఎస్‌ఐ కార్మికుల కుటుంబాలకు 2021 జూన్‌లో సహాయ పథకం ప్రకటించారు. 2020 మార్చి 24 నుంచి రెండేళ్లు వర్తించేలా రూపొందించిన ఆ పథకం కింద, కార్మికుడి సగటు వేతనంలో 90 శాతాన్ని ఆయనపై ఆధారపడినవారికి పింఛనుగా ఇస్తారు. నెలకు కనీసం 1,800 రూపాయలు. భార్య లేదా భర్తకు ఏడాదికి 120 రూపాయలకే వైద్యం. వ్యాధి నిర్ధారణ కావడానికి కనీసం మూడు నెలల ముందే పేరు నమోదై, అంతకు ముందటి ఏడాదిలో కనీసం 70 రోజుల చందా జమై ఉంటేనే ఆ సాయం దక్కుతుందని అప్పట్లో నిబంధన పెట్టారు.